దిక్కు తప్పిన రాతిరేకు

మేఘగిరి రాజ్యంలో దీపాలు నూనెతో వెలిగేవి కావు. కొండమీద పడ్డ పిడుగు, వెంట్రుక కన్నా పలచనైన నల్లరాతి రేకు గుండా పట్టణానికి పారి వాటిని వెలిగించేది. ఒకనాడు తటిద్దంష్ట్రుడనే రాక్షసుడు రేకు కావలివాడు కొమరయ్యను చంపి, దాన్ని ఎత్తుకుపోయాడు. రాజ్యం చీకటైంది. రాజుగారు కంటికీ మింటికీ ఏకధారగా ఏడ్చారు. కొమరయ్య కూతురు నాంచారి మాత్రం ఏడవలేదు. తండ్రి సూదంటురాయిని కొంగున కట్టుకుని, "వాడి అంతు చూడందే తిరిగి రాను" అని అడవిదారి పట్టింది.

దారికి అడ్డుపడ్డ రెండు తలల పాము నోళ్లలో బండరాళ్లు కుక్కి, చివరికి ఒక ముని ఆశ్రమం చేరింది.

"స్వామీ, వాణ్ణి చంపే ఉపాయం చెప్పండి!"

"ముందు కాసిని నీళ్లు తాగు తల్లీ" అన్నాడు ముని. "ఆ రేకులోని రేణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. అందుకే మెరుపు సాఫీగా పారి వాడి ఒంట్లోకి చేరుతోంది. రేకు ఎర్రగా కాగితే రేణువులు తలా ఒక దిక్కుకు తిరుగుతాయి, మెరుపు ఆగిపోతుంది. చల్లారేటప్పుడు సూదంటురాయి ఎటుంటే మళ్లీ అటే తిరుగుతాయి."

నాంచారి నీళ్లు ముట్టకుండానే లేచింది.

ముని దారి చూపిన గుహలో రాక్షసుడు రేకు మీద పడుకుని మెరుపు తాగుతున్నాడు.

"మా నాన్నను చంపింది నువ్వేనా?"

"ఎంతమందిని చంపానో! ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? దిక్కులేని దానివి, నీకెందుకే ఈ పంతం?"

ఆ మాటకు నాంచారి ఒళ్లు మండింది. అయినా నవ్వింది. "నువ్వు నిప్పులు కక్కుతావట! ఆ సెగకు చలి కూడా తీరదని మా ఊళ్లో నవ్వుకుంటున్నారు."

రాక్షసుడు రోషంతో లేచి మంట కక్కాడు. నాంచారి ఒక్క గెంతులో పక్కకు తప్పుకుంది. మంటంతా రేకు మీద పడింది. రేకు ఎర్రబడింది, మెరుపు ఆగింది, రాక్షసుడు కుంచించుకుపోయి మేకపిల్లంత అయ్యాడు.

"తల్లీ, కాపాడు! నాకింక దిక్కెవరు?"

"మా నాన్నా ఇలాగే బతిమాలి ఉంటాడు. విన్నావా?"

మెరుపు అందక అతడు బూడిదయ్యేదాకా ఆమె కదలకుండా చూసింది. జాలిపడిందని చెబితే అబద్ధమే అవుతుంది. తరువాత పట్టణం వైపు ఉండే అంచున సూదంటురాయి పెట్టి, రేకు చల్లారాక చుట్టి భుజాన వేసుకుంది.

నాంచారి రేకును కొండమీద పరచగానే పిడుగు పడింది, పట్టణమంతా వెలిగింది. పిల్లలు లేని రాజు తన కిరీటం తీసి ఆమె తలమీద పెట్టి, "ఇక ఈ రాజ్యానికి నువ్వే దిక్కు, తల్లీ" అన్నాడు.

అప్పుడు నాంచారి కొండవైపు చూసింది. కొమరయ్య కావలి గుడిసెలో కూడా దీపం వెలుగుతోంది. కిరీటం పక్కకు జారుతున్నా పట్టించుకోకుండా, అన్నాళ్లూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.