ఎవరూ తోయని ఊపు

"అయిదు నిమిషాలకోసారి చూస్తూనే ఉన్నాను కదా!" అన్నాడు ఓబదయ్య, మసిగుడ్డ చేతిలో పట్టుకుని.

"చూశారు. మొదటిసారి చూసేసరికి పాలు గిన్నెలో ఉన్నాయి. రెండోసారికి పొయ్యంతా ఉన్నాయి," అంది కృపామణి. "ఆ మధ్యలో ఏం జరిగిందో మీకు తెలీదు. పాలు మీ గడియారం చూసుకుని పొంగుతాయా?"

"ప్రతి క్షణం నిలబడి చూడమంటే ఎలా?"

"అరగంట పాలకే ఇలా అంటే, రాత్రంతా పేషంట్లను చూసే నేనేమనాలి?"

షైని నవ్వు ఆపుకుంటూ పొయ్యి తుడవడం మొదలుపెట్టింది. కృపామణికి ఆమె స్వయానా చెల్లెలు. లెక్కల్లో డిగ్రీ చేసింది. భర్త సముద్రంలో చమురు బావి మీద ఉన్న రోజుల్లో పై అంతస్తు నుంచి దిగి వచ్చి బావగారికి సాయం చేస్తుంటుంది. ఓబదయ్య ఇరవై ఏళ్లు సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసి, ఇప్పుడు సౌదీలోని అల్ ఖోబర్‌లో ప్రమాదాల కారణాలు వెతికే ప్రైవేటు పరిశోధకుడు. పాలు పొంగడం కనిపెట్టలేని ఈ మనిషే విరిగిన బోల్టు చూసి అది ఏ రోజు వదులైందో చెప్పగలడని షైనికి ఎప్పుడూ ఆశ్చర్యమే.

అప్పుడే తలుపు కొట్టారు. గడపలో నలభై ఏళ్ల మనిషి, చేతిలో నలిగిన కాగితాల కట్టతో నిలబడ్డాడు.

"ఓబదయ్య సారంటే మీరేనా? నా పేరు నాగేందర్. జగిత్యాల దిక్కు మాది. క్రేన్ ఆపరేటర్ను. గురువారం కమిటీ ఉన్నది సార్. తప్పు నాదే అంటే లైసెన్సు పోతది, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతరు. మళ్ల ఏ దేశంల గూడ క్రేన్ ఎక్కనియ్యరు."

కృపామణి కోపం పక్కన పెట్టి మంచినీళ్లు ఇచ్చింది. అతను తాగలేదు. గ్లాసు చేతిలోనే పెట్టుకుని చెప్పాడు.

ఖతీఫ్ దగ్గర ఒక కర్మాగారం విస్తరణ పని. పోయిన గురువారం మధ్యాహ్నం టన్నున్నర పంపును క్రేనుతో లేపి, ఎత్తైన తొట్టి వెనకనున్న కాంక్రీటు దిమ్మె మీదికి తెచ్చి ఆపాడు నాగేందర్. కాసేపటికి ఆ పంపు ఊగి, నాలుగు మీటర్ల అవతల ఉన్న పరంజిని కొట్టింది. పరంజి కూలి అల్లాబకాష్ అనే కార్మికుడి కాలు విరిగింది.

"నేను మెల్లగనే ఆపిన సార్. ఆపినంక మీటరు మందం ఊగింది. అంతదాక నాకు కనవడ్డది. ఊగుకుంట తొట్టెనకకు పోయింది, కనవడలే. అరే, మీటరు ఊగేది నాలుగు మీటర్లెట్లైతది? కంప్యూటర్ల లెక్క తీసిన్రంట. నేను గట్టిగ బ్రేకేసుడుతోనే ఊపు పెరిగిందని వచ్చిందంట. కంప్యూటర్ అబద్ధం చెప్పదంటున్నరు."

"కంప్యూటరు అబద్ధం చెప్పదు నాగేందర్ గారూ," అన్నాడు ఓబదయ్య. "అడిగినదానికే జవాబు చెబుతుంది. ఏమడిగారో చూద్దాం."

*

కమిటీ అధ్యక్షుడు ఫారూఖ్‌కు ఓబదయ్య పాత పరిచయం. సైటుకు రావడానికి, ఎవరినైనా ప్రశ్నించడానికి అడ్డు చెప్పలేదు. "రెండు రోజులే టైము," అన్నాడంతే.

బుధవారం ఉదయం బరువులెత్తే పనుల ఇంజినీరు స్వామి ఓబదయ్యనూ షైనినీ తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పెద్దమనిషి తరహా, ఇస్త్రీ చొక్కా.

"ప్రమాదం జరిగినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే, ఆఫీసులో. అరుపులు వినపడితే పరిగెత్తాను. నాగేందర్ మంచివాడేనండీ, కానీ ఆ రోజు తొందరపడ్డాడు. రిపోర్టులో అంతా ఉంది. మా సృజన చేసిన లెక్క."

అతను గ్లాసును పై అంచున రెండు వేళ్ల కొసలతో, టిష్యూ కాగితం అడ్డం పెట్టి ఎత్తాడు. ఎంత కాలుతోందో పాపం అనుకుంది షైని. అంతలో తన గ్లాసులోకి చూసుకుంటే టీ మీద మీగడ కట్టి ఉంది. అది చల్లారి చాలాసేపయింది.

సృజన హైదరాబాదు అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఏడాది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఆదివారం ఫైల్ కామన్ ఫోల్డర్‌లో పెట్టాను సార్. ఆఫీసులో నలుగురికి యాక్సెస్ ఉంది. ఫైనల్ రిపోర్ట్ మీద నా పేరుంది కానీ, ప్రింట్ నేను చూడలేదు. నా రన్‌లో స్వింగ్ పెరగలేదు సార్. నేనే ఎక్కడో మిస్టేక్ చేశానంటున్నారు అందరూ."

"మీ లెక్కలో అడుగు ఎంత? ఎంతసేపటికోసారి చూశారు?"

"సెకనులో నూరో వంతు."

ఓబదయ్య షైని వైపు తిరిగి, రిపోర్టులో పట్టిక ఉన్న పేజీ తీసి ఇచ్చాడు. "ఇది నువ్వు చదవాలమ్మా. అడ్డంగా వరుసలు కాదు, నిలువుగా ఒక్కో గడి."

సాయంత్రం ఆసుపత్రిలో కృపామణి పనిచేసే వార్డులోనే ఉన్న అల్లాబకాష్‌ను కలిశారు. కడప మనిషి. బరువుకు కట్టిన తాడు పట్టుకుని దాని వంకర సరిచేయడం అతని పని.

"తాడు నేను మేకుకు కట్టేసినా సార్. ఆపరేటరు ఆపినాడు, ఇంగ దిమ్మె మీద పెట్టే చెక్కలు తెచ్చేదానికి పోయినా. పరంజి కాడ వంగి చెక్కలు తీసుకుంటాండా, ఎనక నుంచి పడింది."

"తాడు ఎవరు విప్పారు?"

"చూడలా. మావోళ్లెవరూ కాదు. మావోళ్లు చేతికి గ్లౌజు లేకుండా తాడు ముట్టరు సార్. ఆ పొద్దు గ్లౌజులన్నీ నా సంచిలోనే ఉండాయి."

ఓబదయ్య "కాలు త్వరగా బాగవుతుంది," అని అతని భుజం తట్టాడు. ఇంటికి చేరగానే షైని లాప్‌టాప్ తెరిచింది. కృపామణి ఆ పూట పాల దగ్గర తానే నిలబడింది.

*

గురువారం కమిటీ గదిలో ఫారూఖ్, స్వామి, సృజన, నాగేందర్ కూర్చున్నారు. నాగేందర్‌ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు బల్ల మీద, ఫారూఖ్ ముందు ఉంది. అతని చూపు దాని మీద నుంచి కదలడం లేదు.

"ఊగే బరువును కంప్యూటరు మనలాగా చూడదు," అని మొదలుపెట్టాడు ఓబదయ్య. "కొంతసేపటికోసారి చూస్తుంది. ఇప్పుడు ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది, అయితే వచ్చే చూపుకు ఎక్కడుంటుంది, అని అడుగులేస్తూ పోతుంది. ఆ అడుగు పెద్దదైతే మధ్యలో జరిగింది దానికి తెలీదు. మా ఇంట్లో పాల సంగతి చెప్పమంటే మా ఆవిడ ఇంకా బాగా చెబుతుంది. షైనీ, పట్టిక."

షైని లేచింది.

"క్రేను ఆగాక గాలి లేదని రిపోర్టే చెబుతోంది. ఎవరూ తోయలేదనీ చెబుతోంది. కానీ శక్తి అని రాసిన గడి చూడండి. మొదటి వరుసకూ ఇరవై మూడో సెకను వరుసకూ పదహారు రెట్ల తేడా. ఉయ్యాలను ఒకసారి ఊపి వదిలేస్తే నెమ్మదిగా ఆగుతుంది. దానంతటది పెరగదు. సృజన అడుగు సెకనులో నూరో వంతు. ఇందులో అడుగు పావు సెకను."

"పని త్వరగా అవ్వాలని పెద్ద అడుగు వేసుంటుంది. కొత్త పిల్ల," అన్నాడు స్వామి.

"పెద్ద అడుగుతోనే సరిపోదు సార్. సృజన ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతో చోటును లెక్కకట్టింది. రిపోర్టులో పాత వేగంతోనే చోటు కట్టారు. ప్రోగ్రాములో రెండు వరుసలు కిందా మీదా అయ్యాయి, అంతే. అలా పాత వేగంతో కడితే ప్రతి అడుగులోనూ ఊపు కొంచెం కొంచెం పెరుగుతుంది. నిన్న రెండూ చేసి చూశాను. సృజన వరుసలతో పావు సెకను అడుగు వేసినా ఊపు మీటరు దగ్గరే ఉంది. మార్చిన వరుసల్లో కూడా నూరో వంతు అడుగేస్తే మీటరుకు ఆరు సెంటీమీటర్లే పెరిగింది. రెండూ కలిస్తేనే నాలుగు మీటర్లు."

సృజన తలెత్తి చూసింది.

"పొరపాటు అయితే ఎక్కడికో పోయేది," అన్నాడు ఓబదయ్య. "ఇది సరిగ్గా పరంజి దగ్గరికే వచ్చింది. క్రేను రికార్డరులో ఆపినప్పటి నుంచి దెబ్బ తగిలేదాకా ఇరవై మూడు సెకన్లు. ఇరవై మూడు సెకన్లకు నాలుగు మీటర్లు రావాలంటే అడుగు పావు సెకనే ఉండాలి. జవాబు ముందు పెట్టుకుని అడుగును వెతికారు. ఎందుకు? బయట నిజంగానే ఊపు పెరిగింది కాబట్టి. ఎవరో పెంచారు కాబట్టి. ఆ మనిషి కాగితం మీద కనబడకూడదు."

"ఎవరు?" అన్నాడు ఫారూఖ్.

"మేకు నుంచి తాడు విప్పి, పంపు తన వైపు వచ్చిన ప్రతిసారీ లాగిన మనిషి. ఉయ్యాలలో పిల్లను ఊపినట్టే. తాడు పనివాళ్లు గ్లౌజు లేకుండా తాడు ముట్టరు. ముట్టిన మనిషికి ఆ పని అలవాటు లేదు. టన్నున్నర బరువు వెనక్కి పోతూ తాడును గుప్పిట్లోంచి లాక్కుపోతే అరచెయ్యి ఎలా ఉంటుంది?" అతను తన ముందున్న టీ గ్లాసును స్వామి వైపు మెల్లగా జరిపాడు. "స్వామి గారూ, నిన్న చల్లారిన టీని మీరు వేళ్ల కొసలతో ఎత్తారని మా షైని చూసింది. ఈ గ్లాసును నిండు గుప్పిటతో పట్టుకోండి."

స్వామి చివరికి రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. అరచేతుల మీదుగా అడ్డంగా, ఎర్రగా, ఇంకా పచ్చి ఆరని చారలు.

"ఆపాక పంపు ఇంకా మీటరు ఊగుతోంది," అన్నాడు నెమ్మదిగా. "ఊగడం ఆగేదాకా ఉండాలి. ప్లాన్‌లో నేనే రాశాను. ఒక్కసారి లాగితే దిమ్మె మీద కూర్చుంటుంది కదా అనుకున్నాను. కూర్చోలేదు. మళ్లీ లాగాను. అది పెరుగుతోందని తెలిసేసరికి నా చేతుల్లో లేదు. సృజన లెక్కను మార్చిందీ నేనే."

"ఆ సంగతి అప్పుడే చెప్తే అయిపోవు కద సార్," అన్నాడు నాగేందర్. కోపంగా కాదు, అర్థం కాక అడిగినట్టు. "ఎనిమిదేండ్ల సంది మీ ప్లాన్ మీదనే బరువులెత్తుతున్న."

ఫారూఖ్ ఇఖామా కార్డును వేళ్లతో నాగేందర్ వైపు తోశాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి సృజననూ నాగేందర్‌నూ పిలిచింది కృపామణి. చేపల పులుసు, చిక్కుడుకాయ కూర. నాగేందర్ మొదట మొహమాటపడి, తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

"ఫారూఖ్ సార్ ఫోన్ చేసిండు," అన్నాడు పులుసు కలుపుకుంటూ. "బురైదాల ఇంకో సైటున్నది, ఆడికి పంపిస్తమంటున్నరు. అందరూ నన్ను జూసి ఇదే మాట యాది చేసుకుంటరంట. ఆడనైతే ఎవ్వనికీ తెల్వదంట."

"మంచిదే కదా," అంది షైని.

అతను ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు.

"ఆ పంపు ఇంకా కిందనే ఉన్నది మేడం, ఆ దినం దించిన కాడనే. దాని మీద ఎవ్వలూ చెయ్యేస్తలేరు. అల్లాబకాష్ అన్న మంచం మీద పండుకునే అడుగుతుండు, పెట్టిన్రా అని." తలెత్తి ఓబదయ్యను చూశాడు. "నేను బురైదా పోత లేను సార్. ఆదివారం పొద్దుగాల క్రేన్ ఎక్కుత. ఆ పంపు దిమ్మె మీదికి నేనే దించుత. ఊగుడు ఆగేదాంక ఎంతసేపైనా పట్టనియ్యి, కూసుంట."