ఖాళీగా వచ్చిన బుట్ట

పొద్దున్నే పాలు కలిపిన టీ తాగి, కసివా వాకిట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కిత్తనార పోగుల్ని తొడ మీద పెట్టి, అరచేత్తో ఒక్క ఊపున పేనుతోంది. మ్వాలా కొండల మీద ఎండ ఇంకా ఎక్కలేదు. కోళ్ళు నారపోచల్ని పురుగులనుకుని ముక్కుతో లాగి చూసి, ఉమ్మేసి పోతున్నాయి.

చుట్టుపక్కల ఊళ్ళలో కసివా అల్లిన కియోండోకి పేరుంది. కియోండో అంటే వాళ్ళ నార బుట్ట. సంతకి, పొలానికి, పెళ్ళికి, పురిటికి ఆడవాళ్ళ వెంట అదే. ఆ బుట్టకి ఒక మర్యాద ఉంది. ఎవరైనా అందులో ఏదైనా తెస్తే, దాన్ని ఖాళీగా తిప్పి పంపకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు ఉప్పయినా వెయ్యాలి, రెండు బొగ్గు ముక్కలైనా పడెయ్యాలి. ఖాళీ బుట్ట చేతికిచ్చారంటే, మళ్ళీ మా గుమ్మం తొక్కకు అని నోటితో చెప్పినట్టే.

కసివా పడకగదిలో, తలవైపు గోడకి, ఒక పాత కియోండో వేలాడుతూ ఉంటుంది. ముప్పై ఏళ్ళు దాటినా దాన్ని ఆమె ఎవరినీ ముట్టనివ్వలేదు. మొగుడు ముటిసో ఒకసారి మేకులు పోసుకుంటానని తియ్యబోతే, "దాని మీద చెయ్యి వేస్తే ఈ ఇంట్లో నీకు ముద్ద దిగదు" అంది. అతను మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఆ పొద్దున గేటు చప్పుడైంది. ముందు ముంబువా నవ్వుకుంటూ వచ్చింది. ఆమె వెనకాల, బలవంతాన తోలుకొచ్చిన ఆవులా, తల్లి కటూంగె. కటూంగె ముటిసోకి అక్క, కసివాకి ఆడపడుచు. రెండిళ్ళ మధ్య ఒక గుట్టే అడ్డం, అయినా చావులకీ పెళ్ళిళ్ళకీ తప్ప ఒకరి గడప ఒకరు తొక్కరు. ముంబువా మాత్రం చిన్నప్పటి నుంచీ గుట్ట దాటొచ్చి అత్త దగ్గరే ఆడుకుంది.

"అత్తా, నా పెళ్ళి మేకలు వస్తున్నాయి!" అంటూ ముంబువా వచ్చి కసివా మెడ చుట్టూ చేతులు వేసింది. "వచ్చే నెల్లో మగపెళ్ళివాళ్ళు మేకలు తోలుకొస్తారు. అవి మన దొడ్లోకి వచ్చాయంటే నేను వాళ్ళ కోడలినే."

"నైరోబీ వాడేనా? కళ్ళజోడు వాడు?"

"వాడే. కళ్ళజోడు తీస్తే మేకకీ నాకూ తేడా తెలీదు వాడికి."

"అయితే మీ అమ్మకి నచ్చే ఉంటాడు" అంది కసివా. కటూంగె మొహం తిప్పుకుంది.

ముంబువా పీట పక్కనే నేల మీద కూర్చుంది. "అత్తా, ఒక సాయం చెయ్యాలి. వాళ్ళ ఆడవాళ్ళు సరుకులు బుట్టల్లో తెస్తారు కదా. ఆ బుట్టలు మనం ఉంచేసుకుని, బదులు నువ్వు అల్లిన కొత్త బుట్టలు నింపి ఇద్దామని నా కోరిక. ప్లాస్టిక్ బేసిన్లు వద్దు, మెరుపు కాగితాలు వద్దు. రోజూ చేతిలో ఉండేవి ఇద్దాం. చెక్క గరిట, మొక్కజొన్న పొట్టులో చుట్టిన సబ్బు, చిన్న ఆనపబుర్రలో తేనె, అరటిదొప్పలో నాటిన మామిడి మొక్క. అరిగిపోయినా, పాడైనా మట్టిలో కలిసిపోవాలి. భూమికి బరువు కాకూడదు."

కటూంగె ఆగలేకపోయింది. "చూశావా దీని వరస! వియ్యపురాలికి సబ్బుముక్క ఇస్తుందట! నలుగురూ నవ్వరూ? నేనైతే మంచి దుప్పట్లు, పూల ఫ్లాస్కు..."

"ఆ ఫ్లాస్కులు ప్రతి ఇంట్లో బీరువా మీద దుమ్ము కొట్టుకుంటున్నాయి అమ్మా. ఎవరు వాడుతున్నారు?"

"వాడడానికా? చూడ్డానికి!"

కసివా పేనిన తాడుని వేలికి చుట్టుకుంది. ఆమె మనసు పడకగదిలోకి వెళ్ళి, గోడకున్న ఆ పాత బుట్ట ముందు నిలబడింది. కటూంగె ఇంట్లో వేడుక. వియ్యాలవారు. బుట్టలు. ఇన్నేళ్ళు కాచుకున్న రోజు దానంతట అదే నడిచొచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అల్లుతాను. అందరికీ అల్లుతాను. వియ్యపురాలి బుట్ట అందరికన్నా పెద్దగా అల్లుతాను. నింపడం, అందించడం కూడా నాకే వదిలెయ్యండి. మేనమామ పెళ్ళాన్ని, నాకు కాకపోతే ఎవరికుంది ఆ హక్కు?"

కటూంగె అనుమానంగా చూసింది. "ఇంత మంచితనం ఎప్పట్నుంచి కసివా?"

"పిల్ల కోసం వదినా. నీ కోసం అనుకున్నావా?"

ఆ నెలంతా కసివా చేతులు ఆగలేదు. చెట్టు బెరడు ఉడకబెట్టి నారకి ఎర్ర రంగు పట్టించింది. పేనే ప్రతి పోగులోనూ పగని కూడా కలిపి పేనింది. పేనుతున్నంతసేపూ ఒకే సంగతి గుర్తుకొచ్చేది.

ఆమె మొదటి కాన్పు నాటి సంగతి. ముటిసో అప్పుడు మొంబాసా రేవులో పనికి వెళ్ళాడు. అత్త లేదు. పెళ్ళికాని ఆడపడుచు కటూంగెదే ఇంటి పెత్తనం. కరువు ఏడాది. అందుకే పుట్టిన పిల్లకి కరువు పిల్ల అని అర్థం వచ్చేలా వయూవా అని పేరు పెట్టారు. కూతురి పురుడు చూడడానికి కసివా తల్లి గుట్ట దాటి, నుదుటికి బుట్ట పట్టీ బిగించుకుని, వీపు మీద ఒక బుట్ట పెసలు మోసుకొచ్చింది. సాయంత్రం తిరిగి వెళ్ళబోతుంటే కటూంగె ఆ బుట్ట తెచ్చి ఆమె చేతుల్లోకి నెట్టింది. ఖాళీ బుట్ట. పైగా ఒక మాట. "మా ఇంట్లో లోటేమీ లేదు. ఇంకెప్పుడూ గింజలు మోసుకురావద్దు."

తల్లి ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, అందరూ చూస్తుండగా మసీ ఊరి సంత మధ్యనుంచి నడిచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ ఏడు తిరక్కుండానే పోయింది. కర్మకాండలు అయ్యాక కసివా పుట్టింటి నుంచి ఆ బుట్ట ఒక్కటే తెచ్చుకుంది.

ఇప్పుడు కటూంగె వియ్యపురాలు, ఊరందరి ముందూ, ఒక పెద్ద అందమైన ఖాళీ బుట్ట అందుకుంటుంది. చేతిలోకి తీసుకోగానే అది దూదిలా పైకి లేస్తుంది. ఆ మొహం ఎలా మారుతుందో కసివా రోజూ ఊహించుకునేది. ఆ తర్వాత వాళ్ళు మేకల్ని విప్పుకుని వెళ్ళిపోతారు. కటూంగె వాకిట్లో నిలబడిపోతుంది.

ముంబువా నవ్వు మొహం మధ్యమధ్యలో అడ్డొచ్చేది. కసివా దాన్ని పక్కకి నెట్టేది. మా అమ్మ మొహం ఎవరికి అడ్డొచ్చింది ఆ రోజు?

వేడుక రోజు కటూంగె వాకిలి జనంతో నిండిపోయింది. మేకలు అరుస్తున్నాయి. మగవాళ్ళు నీడకి చేరి, మేకల్ని చూసి బేరగాళ్ళలా పెదవి విరుస్తున్నారు. "దీనికంటే మా కుక్క బలిసింది!" అని ఒకాయన అంటే, "అయితే మీ కుక్కనే కొయ్యండి బావగారూ!" అని మగపెళ్ళివారు అందుకున్నారు. వియ్యపురాలు పొడుగాటి మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. వచ్చీ రాగానే ముంబువాని దగ్గరికి తీసుకుని చెమట తుడిచింది.

కసివా సామాన్ల కొట్లో తలుపు మూసుకుని బుట్టలు సర్దింది. గరిటలు, సబ్బులు, తేనె బుర్రలు, మామిడి మొక్కలు. ఒక్కొక్క బుట్టా నింపి, మూతికి గుడ్డ కట్టింది. ఆఖరున ఎర్ర గీతల పెద్ద బుట్ట. దానికీ గుడ్డ కట్టింది. లోపల గాలి తప్ప ఏమీ లేదు.

తలుపు తోసుకుని కటూంగె వచ్చింది. "అయ్యాయా? వాళ్ళు బయల్దేరతామంటున్నారు." అంటూనే, ఏది ఎంత బరువుందో చూడ్డానికి ఒక్కొక్కటీ ఎత్తింది. పెద్ద బుట్ట ఎత్తగానే అది ఆమె చేతిలో గబుక్కున పైకి లేచింది.

"ఇది ఖాళీగా ఉందేమిటే?"

"ఖాళీయే."

"వియ్యపురాలి బుట్టే ఇది! మర్చిపోయావా?"

"నేను ఏదీ మర్చిపోను వదినా." కసివా తన సంచిలోంచి పాత కియోండో తీసి ఆమె ముందు పెట్టింది. నార నల్లబడింది, ఒక పక్క పట్టీ తెగింది. "గుర్తు పట్టావా?"

కటూంగె దాన్ని చూసింది. పెద్ద బుట్ట ఆమె చేతిలోంచి జారి నేల మీద పడింది.

"మా అమ్మ సంత మధ్యనుంచి మోసుకుపోయిన బుట్ట. ఈ రోజు నీ వియ్యపురాలు మోసుకుపోతుంది, ఇంకో ఖాళీ బుట్ట. చూద్దాం, లోటు లేని ఇంటి పరువు ఎలా ఉంటుందో."

"ముంబువా నీ చేతుల్లో పెరిగిన పిల్లే!"

"మా అమ్మ ఎవరి చేతుల్లోనూ పెరగలేదా?"

"పగ తీర్చుకో. నా మీద తీర్చుకో, నా జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చు. దాని మీద కాదు."

"ఒక్క గుప్పెడు ఉప్పు వదినా! రెండు బొగ్గు ముక్కలు! అంత గతిలేనిదా నీ చెయ్యి?"

"ఉప్పు లేదు!" అంది కటూంగె. "ఉప్పు లేదు, గాదెలో గింజ లేదు, ఏమీ లేదు. మీ అమ్మ బుట్ట అందుకోబోతూ గాదె వైపు తల ఎత్తింది. చూస్తుందేమోనని, పొయ్యిలో బొగ్గు తియ్యడానికి కూడా ఆగకుండా బుట్ట ఆమె చేతుల్లోకి తోసి గుమ్మం దాటించాను. నోటికొచ్చింది అన్నాను. గర్విష్ఠి అని పేరొస్తే రానీ, నా తమ్ముడి ఇంట్లో బాలింత పస్తుంటోందని మాత్రం ఊళ్ళో పొక్కకూడదనుకున్నాను."

"అబద్ధం. నేను ఏ పూటా పస్తు లేను. రోజూ పెసర గంజి తాగాను."

"మీ అమ్మ తెచ్చిన పెసలే అవి. అబద్ధమాడేదాన్నయితే ముప్పై ఏళ్ళ క్రితమే ఆడేదాన్ని, ఇవాళ దాకా ఆగుతానా?"

కసివాకి ఎక్కడినుంచో ఒక చప్పుడు గుర్తుకొచ్చింది. పక్క మీద పడుకుని తను గంజి తాగుతుంటే, వంటింట్లోంచి గరిట గీకుడు వినిపించేది. వదిన కూడా తింటోందని తను అనుకునేది. కానీ పక్క మీద నుంచి కిటికీలో కనిపించేది మరొకటి. గంజి గిన్నె తన చేతికి వచ్చేసరికే వండిన కుండ బయట ఎండలో బోర్లించి ఉండేది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కుండే.

మరి లోపల వదిన గరిటతో గీకుతున్నది దేన్ని?

"నువ్వేం తినేదానివి?" అంది చాలా నెమ్మదిగా.

కటూంగె కొంగు చివర నడుముకి బిగించి కట్టుకుంది. ఆ రోజుల్లోనూ అలాగే కట్టుకునేది. పని చేసుకునే మనిషి కదా అని కసివా అప్పట్లో అనుకుంది.

కసివా కళ్ళు మంటెక్కాయి. అయినా కోపం పోలేదు. "నాకు చెప్పొచ్చుగా. మా అమ్మకి చెప్పొచ్చుగా. నవ్వేదా ఆవిడ? ఇంకో బుట్ట తెచ్చేది. ఆవిడ అవమానంతోనే పోయింది వదినా!"

"పోయిందని తెలిశాక ఇంక ఏ మొహంతో చెప్పను?" కటూంగె నేల మీద కూలబడి, ఆ పాత బుట్టని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం కసివా అంతకుముందు చూడలేదు.

బయటినుంచి ముంబువా కేక. "అత్తా! బుట్టలేవి? వాళ్ళు లేచారు!"

కసివా కళ్ళు తుడుచుకుంది. పెద్ద బుట్ట నేల మీద నుంచి ఎత్తి గుడ్డ విప్పింది. రెండు తేనె బుర్రలు పెట్టింది, గరిట పెట్టింది, సబ్బులు పెట్టింది, అన్నిటికన్నా పచ్చగా ఉన్న మామిడి మొక్క చూసి పైన నిలబెట్టింది. ఇంకా చోటు మిగిలితే కటూంగె గాదెలోంచి తనే చేటెడు పెసలు తెచ్చి, ఒక గుడ్డలో మూటగట్టి పక్కన దూర్చింది. ఇప్పుడు ఆ బుట్టని ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

వాకిట్లో వియ్యపురాలు బుట్ట అందుకుని, బరువుకి ముందుకి వంగి, నవ్వేసింది. సబ్బు వాసన చూసింది. మొక్క ఆకు తడిమింది. "ఇది ఎవరి చెయ్యమ్మా?" అంది అల్లికని చూసి. "మా అత్తది" అంది ముంబువా, గర్వంగా.

మర్నాడు పొద్దున కసివా కటూంగె ఇంటికి వెళ్ళింది. గుమ్మంలోనే నిలబడి, "ఆ పాత బుట్ట నింపు" అంది.

కటూంగె నింపింది. మూతి దాకా, పైన గోపురంలా వచ్చేదాకా పెసలు పోసింది. "మీ పుట్టింటికి ముంబువా చేత పంపనా?"

"నువ్వే మొయ్యి. నుదుటికి పట్టీ కట్టుకుని. సంత మధ్యనుంచి."

కటూంగె ఒక్క క్షణం ఆమె వైపు చూసింది. తరువాత తెగిన పట్టీని ముడివేసి, నుదుటికి తగిలించుకుని, వీపు మీద బుట్టతో నడక మొదలుపెట్టింది. కసివా వట్టి చేతులతో వెనకాల నడిచింది. మసీ సంతలో టమాటాలమ్మేవాళ్ళు, మొక్కజొన్న పిండి వాళ్ళు తలలెత్తి చూశారు. పెద్ద వయసు మనిషి, అంత బరువుతో.

"ఎవరి బుట్ట అక్కా?" అని ఒకామె అడిగింది.

"కసివా వాళ్ళ అమ్మది" అంది కటూంగె, ఆగకుండా, అందరికీ వినపడేలా. "తిరిగి ఇవ్వడం ఆలస్యమయింది."

గుట్ట ఎక్కేచోట ఆమెకి ఊపిరి అందలేదు. రాయి మీద చెయ్యి ఆనించి నిలబడింది. నుదుటి మీద పట్టీ ఎర్రగా దిగబడిపోయింది.

"పగ తీరిందా?" అంది రొప్పుతూ.

కసివా ఆమె వెనక్కి చేరి, బుట్ట అడుగున రెండు అరచేతులూ పెట్టి పైకి ఎత్తిపట్టింది. పాత నార చేతులకి గరుగ్గా తగిలింది.

"లేదు" అంది ఏడుస్తూ. "ఇంకో మలుపు ఉంది. నడు వదినా."