ఎంగిలి గుల్లలు

పైడమ్మను చంపింది సముద్రం కాదు, గతసంద్రం. ఆ విషయంలో ఆమె భర్త దానయ్యకు అనుమానం లేదు.

అతను సముద్రపు అడుగు నుంచి గొట్టంతో తీసిన ఒండుకడ్డీలోంచి కోసిన పొరను జల్లెడలో కడిగాడు. బురద పోయి ఇసుక రేణువులంత గుల్లలు మిగిలాయి. సూక్ష్మదర్శిని కింద అవి పేలాల్లా ఉబ్బి కనిపిస్తాయి. ఎన్నో వేల ఏళ్ల కిందట వెచ్చటి నీళ్లలో తేలుతూ బతికి, చచ్చి, అడుగుకు రాలిన జీవాల ఇళ్లవి. కుంచె కొనను నీటిచుక్కలో తడిపి, ఒక్కో గుల్లనూ అంటించి తీసి గతసంద్రం నోట్లో వేశాడు. ఆ యంత్రం గుల్లను కరిగించి, అది పెరిగిన నాటి నీటి వేడి చెబుతుంది. ఆ లెక్కలన్నీ కలిపి, ఏ తీరాన మనుషులు ఉండొచ్చో కూడా అదే చెబుతుంది. దాని మాట కాదని ఎవరూ గుడిసె వెయ్యరు.

ఏరేవాళ్లంతా కుంచెను పెదాల మీదే తడుపుకునేవారు. కొన సన్నబడుతుంది. ఉమ్మి అంటితే లెక్కలో వేడి పెరుగుతుందని నిబంధన వద్దంటుంది, అలవాటు వినదు. ఒకనాడు పైడమ్మ ఏరిన పొర, సముద్రం ఒక్కసారిగా కాగి పొంగిన కాలాన్ని చూపింది. ఎంగిలి అని కొట్టేశారు. దిగువపేట క్షేమమన్నారు. రెండు వానాకాలాలు తిరక్కుండానే సముద్రం పొంగి దిగువపేట లేదు. ఆ పూట అక్కడ గంజి వారుస్తున్న పైడమ్మ లేదు.

అప్పటినుంచి దానయ్య కుంచెను నోటికి తాకించలేదు. ఏరే బల్ల దగ్గర రెండు స్టూళ్లున్నాయి. రెండో దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడు.

"వేడి మితి దాటింది," అంది గతసంద్రం. "ఎంగిలా?"

ఈ కడ్డీ వేరే చోటిది, దూరపు లోతుల్లోంచి తెచ్చింది. దానయ్య తెర మీద పొర వయసు చూశాడు. పైడమ్మ ఏరిన పొర కాలమే.

ఈ లెక్కల కేంద్రం అధికారి ఎల్లాజీ లోపలికి వచ్చాడు. పైడమ్మ తమ్ముడు. ఆనాడు ఎంగిలి అని తేల్చింది అతనే.

"ఆగిపోనావేటి బావా? ఎంగిలని సెప్పీ."

"కాదు."

"దిగువపేట పోయాక కొండెక్కిన జనం రేపు మళ్లీ తీరానికి దిగుతన్నారు. పడవలకి తారు పూసీసుకున్నారు. ఇప్పుడు నువ్వు కాదంటే ఇది పాత లెక్కలన్నీ తవ్వుతాది. తీరమంతా మూసెస్తాది."

"మూసీనీ."

"కొండ మీద బిందెడు నీళ్లకి కొట్టుకు సస్తన్నారు. ఆళ్ల ఉసురు నీకు తగల్దా?"

"మీ అక్క ఉసురు నీకు తగిలిందేటి? బానే ఉన్నావు కదా. పొట్ట కూడా వొచ్చింది."

ఎల్లాజీ రెండో స్టూలు మీద కూర్చోబోయి, దానయ్య చూపు చూసి ఆగిపోయాడు.

"అక్క కుంచి నోట్లో ఎట్టుకునీది బావా. నా కళ్లతో సూసినాను. సూసిందే సెప్పినాను."

"ఎట్టుకునీది," అన్నాడు దానయ్య. "నాను ఎట్టలేదు."

యంత్రం వైపు తిరిగాడు.

"ఎంగిలి కాదు."

గతసంద్రం పాత లెక్కను తెర మీదికి తెచ్చింది. తర్వాత, "రెండు కడ్డీలూ ఏకీభవించాయి. పైడమ్మ పొర లెక్కలో చేరింది," అంది. తెర మీద తీరంలోని ఊళ్లు మూతపడ్డ గుర్తుగా ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. మొదట దిగువపేట. చివర్న ఈ కేంద్రం. పైడమ్మతో అతను కాపురం చేసిన గది, ఈ బల్ల, ఈ రెండు స్టూళ్లు.

"మొదటి కొట్టివేతకు బాధ్యులెవరు? సాక్ష్యం చెప్పండి."

ఎల్లాజీ దానయ్య చెయ్యి పట్టుకున్నాడు. "బావా, తప్పయిపోనాది..."

"ఆ మాట అనకు. నాను ఇనను." దానయ్య కుంచె కడిగి బల్ల మీద పెట్టాడు. "సెప్పాల్సింది ఒక్కటే. సెప్పీసినాను. ఇంక దీని గురించి నన్నెవరూ అడగొద్దు."

యంత్రం మళ్లీ అడిగింది. అతను రెండో స్టూలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

కొండ మీద నీళ్ల వరసలో జనం తిట్టుకుంటున్నారు. తీరం మూయించినవాడి చేతులు పడిపోవాలంటున్నారు. ఆ వరసలోనే బిందెతో నిలబడి దానయ్య విన్నాడు. దాని గురించి ఆ రోజూ నోరు విప్పలేదు, తర్వాత ఏనాడూ విప్పలేదు.