ఎర్ర లైటు వెలుగుతున్నంతసేపు

మిణుకు... మిణుకు!

ఎడమ వెనక లైటు రెండుసార్లు వెలిగి ఆరింది.

మళ్లీ రెండుసార్లు!

పాత పికప్ వెనక భాగానికీ షెడ్డు గోడకీ మధ్య నాలుగడుగుల సందు. అందులో మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చీకటి పడింది. రేకుల మీద వాన దడదడలాడుతోంది. బండి వెనక తొట్టికి కట్టిన టార్పాలిన్ లోంచి కుళ్లు కంపు.

"ఏం ముసలోడా! గంటయింది. ముందు చెక్‌పోస్టుంది. లైటు ఇలా కొట్టుకుంటుంటే ఆపేస్తారు."

డ్రైవరు ఖాండ్రించి ఉమ్మాడు. పానాల పెట్టె పక్కనే!

"తొట్టిలో ఏముంది?"

"చచ్చిన మేక. వాసన చూసి బిల్లేస్తావా?"

ఛీ... మనిషా వీడు!

ఫ్యూజు బాగుంది. బల్బు కొత్తది. ఎర్త్ బోల్టుకి పట్టిన తుప్పు గీకి బిగించాడు. ఇంక ఆరడానికి కారణం లేదు.

మిణుకు... మిణుకు.

మేస్త్రి వేళ్లు ఆగిపోయాయి.

లూజు కనెక్షన్‌కి లెక్క ఉండదు. దీనికుంది!

బండి రేకు మీద రెండు తడితే బ్రేకు తొక్కు. మూడు తడితే వదులు. ముప్పై ఏళ్లుగా లైట్లు చూసేటప్పుడు వెనక తమ్ముడు, ముందు తను. ఆ లెక్క ఇద్దరికే తెలుసు.

రోడ్డు మీద ఆగిన బండి చూసొస్తానని తమ్ముడు వెళ్లి రెండు రోజులైంది. తిరిగి రాలేదు.

లైటు వైరు తొట్టి మూలలోంచే పోతుంది. లోపలి నుంచి ఎవరో లాగుతున్నారు!

మేస్త్రి లేచాడు. గొంతు మామూలుగానే ఉంచాడు.

"బ్రేకు లైటు చూడాలి. ఎక్కి తొక్కి పట్టుకో. గేరు తీసెయ్."

"హ్యాండ్‌బ్రేకు లేదు. నేల గోడవైపు వాలుంది, కనబడట్లా?"

"టైరు వెనక చెక్క పెట్టా."

"తొక్కడానికి నీకు మనిషి లేడా?"

"ఇవాళ లేడు. లేనప్పుడు అదిగో, ఆ ఇటుక పెడతా. నువ్వున్నావుగా మహారాజులా!"

డ్రైవరు గొణుక్కుంటూ ఎక్కాడు. చొక్కా లేచింది. నడుం దగ్గర తుపాకీ!

బ్రేకు లైటు ఎర్రగా వెలిగింది.

అది వెలుగుతున్నంతసేపు వాడి కాలు పెడల్ మీదే. ఆరిందంటే... దిగినట్టే!

మేస్త్రి టార్పాలిన్ తాడు కోశాడు. కంపు మొహాన కొట్టింది.

లైటు... వెలుగుతోంది.

గోనెసంచి. అందులోంచి ఉబ్బిన చెయ్యి. ఈగలు.

మేక కాదు!

ఆ శవానికి ఆనుకుని తమ్ముడు! కాళ్లూ చేతులూ కట్టేసి. నోటికి టేపు. వేళ్ల మధ్య వైరు. రెండు రోజులుగా ఈ కుళ్లులోనే...

టేపు పీకాడు.

"అన్నా... వీడు చంపడం చూశానని..."

"ష్! మాట్లాడకురా."

లైటు వెలుగుతోంది. కత్తి తాడులో సగం దిగింది.

"తెగిందా ముసలోడా?"

గొంతు వీపు వెనక నుంచి!

లైటు ఇంకా ఎర్రగానే ఉంది.

డ్రైవరు గోడకి ఆనుకుని పళ్లికిలిస్తున్నాడు. చేతిలో తుపాకీ.

"ఇటుక బాగా పనిచేస్తోంది. చెప్పింది నువ్వే!"

మేస్త్రికి తన నోటి మీదే అసహ్యం వేసింది. జన్మలో ఒక్క మాట ఎక్కువ మాట్లాడాడు... అదీ ఈ వెధవతో!

"పక్కకి జరుగు. మొదట ఆ చూసినోడు. తర్వాత నువ్వు."

మేస్త్రి చేతులెత్తి పక్కకి జరిగాడు. ఒక అడుగు. రెండడుగులు. మడమకి చెక్క తగిలింది.

తుపాకీ తమ్ముడి వైపు తిరిగింది.

"ఆ ఇటుక లైటుకి చాలు," అన్నాడు మేస్త్రి.

"ఏంటీ?"

"బండికి చాలదు!"

చెక్కని ఒక్క తన్ను తన్నాడు.

పికప్ గోడ మీదకి దూకింది!

ఢాం!

తుపాకీ పేలింది. పొగ. వాన చప్పుడు. బండికీ గోడకీ మధ్య ఇరుక్కున్న డ్రైవరు నురగ కక్కుతున్నాడు.

"ముందుకు... లాగు... బండి..."

"తమ్ముడూ!"

మేస్త్రి తొట్టి వైపు తిరిగాడు.

"ఒరేయ్!"

టక్... టక్...

మేస్త్రి తొట్టి రేకుకి చెవి ఆనించాడు.

టక్!

మూడు. వదులు!

మేస్త్రి క్యాబిన్‌లోకి వంగాడు. పెడల్ మీది ఇటుక తీశాడు. బండి బరువు మొత్తం గోడవైపు పడింది.

లైటు ఆరింది.