కొంగలు చూసిన వైపు

"కొంగలకి లెక్కలు రావు, కెమెరా గారూ," అంది మడుగు గార్డు, తెల్లవారుజామున మాటు గుడారం గుడ్డ తెర ఎత్తి పట్టుకుని. "ఇద్దరం వచ్చాం, నేనొక్కదాన్నే వెళ్లిపోతాను. ఇక గుడారం ఖాళీ అనుకుంటాయి. మీరు తుమ్మకపోతే చాలు."

"మొదటిరోజు తుమ్మింది మీరే."

"అది డ్యూటీ తుమ్ము."

నవ్వేసి ఆమె పొగమంచులోకి నడిచింది.

మడుగులో ఉండేందుకు అతనికిచ్చిన అనుమతి రేపటితో ముగుస్తుంది. మగకొంగ తెచ్చిన పుల్లను ఆడకొంగ ముక్కుతో అందుకునే ఆ ఒక్క క్షణం దొరికితేనే, రెండేళ్లుగా కూరుస్తున్న ఫొటోల పుస్తకం పూర్తవుతుంది. గార్డుతో చెప్పవలసిన మాట కూడా ఒకటుంది. దానికీ అదే గడువు.

ఎదుట జమ్ముపొదల్లో పద్నాలుగు కొంగలు నిలబడి ఉన్నాయి. ఒక్కటీ కదలదు. అన్నీ మెడలు నిక్కించి ఒకే వైపు చూస్తున్నాయి: గుడారాన్ని కాదు, దాని వెనక్కి, అతని ఎడమ భుజానికి కాస్త పైగా.

కెమెరాలో నిన్నటి ఫొటోలు తిప్పాడు. మొన్నటివీ తిప్పాడు. మంచు మొదలైన నాలుగు రోజులుగా అవే మెడలు, అదే చూపు.

వెన్నులో చలి పాకింది. వెనక బురద మెల్లగా చప్పరించింది. తరువాత ఊపిరి చప్పుడు. అది అతనిది కాదు. తన ఊపిరి అతనెప్పుడో బిగబట్టాడు. గుడ్డకు అవతల, చేతికందే దూరంలో, మంచు కన్నా కాస్త చిక్కగా ఒక ఆకారం.

"ఎవరది?"

ఆకారం తుమ్మింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"మీరా! నాలుగు రోజులుగా నా ఫొటోలు పాడుచేస్తున్నది మీరా?"

చలికి ఆమె పెదవులు నీలంగా మారాయి. "రెండేళ్ల కిందట ఒకాయన్ని ఇక్కడే వదిలి వెళ్లాను. మంచులో దారి తప్పి ఊబిలో దిగబడ్డాడు. మధ్యాహ్నం దాకా పిలుస్తూనే ఉన్నాడు, ఎటునుంచో తెలీలేదు. దొరికాడు లెండి, ప్రాణాలతోనే. కానీ మంచు పడితే ఆ పిలుపు నాకింకా వినిపిస్తుంది."

"అందుకని అందరికీ ఇలా కాపలా కాస్తారా?"

"అందరికీ విజిల్ ఇచ్చి పోతాను."

"నాకివ్వలేదే?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"రేపు లోపలే కూర్చోండి," అన్నాడతను.

"ఎవరో ఒకరు వెళ్లకపోతే కొంగలు రావు."

"అయితే ముగ్గురం వద్దాం. మీ నాన్నగారు వెళ్లిపోతారు. ఎలాగూ ఆయన్ని ఒక మాట అడగాలి."

మర్నాడు, పడవ నడిపే ఆమె తండ్రి తెర దించుతూ గొణిగాడు. "కొంగల్ని మోసం చెయ్యడానికి కూతుర్ని పరాయివాడి పక్కన కూచోబెట్టిన తండ్రిని నేనొక్కణ్నే అయ్యుంటాను."

"మెల్లగా, నాన్నా!"

"వెళ్తున్నాలేమ్మా. అబ్బాయ్, ఫొటో వచ్చినా రాకపోయినా భోజనానికి రా. అడగాలనుకున్నదేదో కడుపునిండా తిని అడుగు."

తండ్రి అడుగుల చప్పుడు దూరమై ఆగిపోయింది. కొంగలు ఒక్కొక్కటే దిగాయి. మగకొంగ పుల్లతో మెడ చాచింది.

అప్పుడే మంచులోంచి ఎవరో పిలిచారు. దూరంగా, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు.

"విన్నారా? అదే పిలుపు," ఆమె గుసగుసలాడింది.

"విన్నాను."

కొంగలు మాత్రం, అటు మనిషే లేనట్టు, తల తిప్పలేదు.

ఆమె అతని ఎడమ చేతిని గట్టిగా పట్టుకుంది. అతను విడిపించుకోలేదు, కుడిచేత్తోనే కెమెరా మీట నొక్కాడు.

పుస్తకంలో ఆ ఒక్క ఫొటోలోనే నీటిగీత కొంచెం వాలి ఉంటుంది.