ఉప్పు గోదాం దాటని పూలు

సంతబొమ్మాళి వైపు ఉప్పు మడుల మధ్య, గట్టు మీద ఒక పాత గోదాం ఉంది. చీకటి పడ్డాక ఆ గట్టు మీద చేపలు పట్టుకుని దాటొచ్చు. కోడిని చంకన పెట్టుకుని దాటొచ్చు. పీకలదాకా తాగి పాటలు పాడుకుంటూ కూడా దాటొచ్చు. పూలు పట్టుకుని మాత్రం దాటకూడదు.

ఎందుకంటే... ఎప్పుడో ఒక గాలివానకి, ఉప్పు తోడే ముసలామె ఒకామె చేతిలో పూల పొట్లంతో ఆ గోదాంలో తలదాచుకుందట. గాలికి తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. అరిచిన అరుపు గాలిలో కలిసిపోయింది. మూడో రోజున ఎవరో వచ్చి తలుపు తీస్తే ముసలామె ఉంది — ప్రాణమొక్కటే లేదు, మనిషి ఉన్నది ఉన్నట్టే ఉంది. ఉప్పు కదా! ఇంకా వింత, పొట్లంలో పూలు కూడా వాడలేదట.

అప్పట్నుంచీ ఆ గట్టు మీద పూలు పెట్టుకుని వెళ్ళే ఆడవాళ్ళకి వెనకాల ఎవరో "ఇయ్యమ్మా... ఇయ్యి..." అన్నట్టు వినిపిస్తుందని, ఇంటికొచ్చి జడ తడుముకుంటే ఉత్త దారమే మిగులుతుందని చెప్పుకుంటారు. అందుకే పేరంటాల నుంచి వచ్చేవాళ్ళు సందె పడిందంటే పూలలో చిన్న బొగ్గుముక్క దోపుకుంటారు. లేదా కొంగున ఒక ఇనప మేకు ముడేసుకుంటారు.

ఇదంతా తెలిసి తెలిసీ, రెండువేల అయిదులో టెక్కలి మెయిన్‌రోడ్డు మీద బొకేల కొట్టు తెరిచిన మహానుభావుడు మా ఉమామహేష్ బావ. ఈ సంగతి బావ నోట నేను ఏడుసార్లు విన్నాను. అందులో ఆరుసార్లు నేనే బలవంతపెట్టి చెప్పించాను. భయపడేటప్పుడు బావ మొహం చాలా ముద్దొస్తుంది మరి.

అప్పటికి టెక్కలిలో పూలంటే మూరల లెక్క. కాగితం చుట్టి రిబ్బను కట్టిన పూలు రిటైరయ్యే హెడ్మాస్టర్లకి ఇస్తారు. లేదా ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనుషులకి ఇస్తారు. ఇంట్లో మనిషికి, అందులోనూ సొంత పెళ్ళానికి, బొకే పంపడమంటే వీధంతా నవ్వుతుంది.

కొట్టు తెరిచిన రోజున బావ వాళ్ళ నానమ్మ బొడ్డమ్మ ఒక బొకేని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"తల్లోకి గాదు, దేముడికి గాదు... మరేటికిరా ఇది?"

"పేమకి నానమ్మా. మనసులో మాట సెప్పడానికి."

"ఓస్... నోరు లేనోళ్ళకన్నమాట!"

ఆ మాట నిజమే అయింది. బావ దగ్గరికి నిజంగా నోరు లేనివాడే వచ్చాడు — పక్క కొట్టు టైలరు తిరుమలరావు. మూగవాడు కాదు. పెళ్ళాం ముందు మాత్రం మాట పెగలదు, అంతే. సొంత మరదలి పెళ్ళికి వెళ్ళకుండా, ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకి జాకెట్లు కుడుతూ కూర్చున్నాడు. పెళ్ళాం స్వాతి అలిగి పుట్టింటికి వెళ్ళి ఇరవై రోజులైంది. అది ఉప్పు మడులకి అవతలి ఊరు.

"రేపు పొద్దుటి బండికి ఆళ్ళన్నయ్య దాన్ని ఖరగ్‌పూర్ తీసుకుపోతాడంట మహేషూ," అన్నాడు తిరుమలరావు, మెడలో టేపు అదే పనిగా నలుపుకుంటూ. "బండెక్కిందంటే మరి రాదు. దాని సంగతి నాకు తెలుసు."

"అయితే ఎల్లి బతిమాలుకో. కొట్టుకాడ నిలబడి ఏటి సేత్తావు?"

"ఆ ఈదిలో కాలెడితే ఇరగ్గొడతానన్నాడు బావమరిది. పువ్వులు పంపు. ఈ రాత్రికి దాని సేతికి అందాల. వాడిపోకుండా అందాల."

కార్డు మీద ఏదైనా రాయమని బావ పెన్ను ఇచ్చాడు. తిరుమలరావు అరగంట ఆలోచించి ఒకే ఒక్క అక్షరం రాశాడు. 'రా'. అంతే.

గులాబీలు విశాఖపట్నం నుంచి మధ్యాహ్నం బండికి రావాలి. ఆ రోజు వాయుగుండం. బండి సాయంత్రం అయిదున్నరకి ఈదుకుంటూ వచ్చింది. బావ పూలు తెచ్చి, ముళ్ళు గీసి, ఆకులు సర్ది, మెరుపు కాగితం చుట్టేసరికి సందె పడిపోయింది.

బొడ్డమ్మ పొయ్యిలోంచి బొగ్గుముక్క ఒకటి తెచ్చింది. "ఇది పువ్వుల్లో పెట్టరా."

"నలుపంటుకుంటాది నానమ్మా. ఇది బొకే, పేరంటం పువ్వులు గాదు."

"అయితే ఈ మేకైనా జేబులో ఏసుకో."

"సొక్కా సిరుగుతాది!"

చూశారా? చొక్కా చిరుగుతుందట. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి బావ ప్రతిసారీ గొంతు సవరించుకుంటాడు.

మోపెడ్ మీద బయల్దేరాడు. సన్నగా మొదలైన వాన మడుల దగ్గరికి వచ్చేసరికి తాళ్ళు తాళ్ళుగా దిగింది. అటూ ఇటూ నీళ్ళు. మధ్యలో గట్టు. గట్టు మీద బావ. బావ పొట్ట దగ్గర చంటిపిల్లలా బొకే.

సరిగ్గా గోదాం ముందుకొచ్చి... బండి ఆగిపోయింది.

ఎంత తన్నినా కదల్లేదు. గాలికి మెరుపు కాగితం ఒక అంచు చిరిగింది. ఇంకో పది నిమిషాలు అలాగే నిలబడితే చేతిలో ఉత్త కాడలే మిగులుతాయి. బావకి గోదాం భయం ఉంది. కానీ తిరుమలరావు మొహం కూడా కళ్ళముందే ఉంది.

పూల కోసమే లోపలికి వెళ్ళాడు.

వెళ్ళాడో లేదో... ధడేల్!

తలుపు మూసుకుంది. బయట ఇనప గడియ తనంతట తనే — ఠక్.

బావ తోశాడు. తన్నాడు. భుజం పెట్టి గుద్దాడు. తలుపు పాతదే కానీ వానకి ఉబ్బి బండరాయిలా బిగిసింది. "ఎవరైనా ఉన్నారా!" అని అరిచాడు. ఆ అరుపు గోడలకి తగిలి తన దగ్గరికే తిరిగొచ్చింది. సెల్లు తీశాడు. టవరు లేదు. ఆ రోజుల్లో మా ఊరి గోదాముల్లో దయ్యాలు దొరికేవేమో కానీ టవరు దొరికేది కాదు.

తలుపు కింద నుంచి నీళ్ళు లోపలికి రావడం మొదలైంది. పాదాలు తడిశాయి. కాసేపటికి చీలమండలు. వెనక్కి జరిగితే ఉప్పు గుట్ట. ఎక్కుదామంటే కాలు పెట్టిన చోటల్లా జారి, కిందికే లాగుతోంది. కిటికీ లేదు. ఎక్కడో పైన పెంకు సందులోంచి గాలి ఈల వేస్తోంది. ముక్కు నిండా, నోటి నిండా, కళ్ళ నిండా ఉప్పు...

సెల్లు వెలుగు ఉప్పు మీద పెట్టాడు.

అడుగులు ఉన్నాయి. చెప్పుల్లేని చిన్న అడుగులు. తలుపు దగ్గర మొదలై, గుట్ట పక్కనుంచి, వెనక చీకట్లోకి వెళ్ళాయి.

తిరిగొచ్చిన అడుగులు... లేవు.

సెల్లు వెలుగు ఆరిపోయింది.

"ఇయ్యి నాయనా..."

చెవి పక్కనే. గొంతులో ఇసక ఉన్నట్టు.

బావ బొకేని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాడు. ఆ క్షణాన అది ఇచ్చేసి ఉంటే అయిపోయేది. కానీ ఇవ్వలేదు. నేను బావని ఎంత ఏడిపించినా, ఈ ఒక్క విషయంలో మాత్రం నోరు మూసుకుంటాను.

"ఇయి నాయి కావు తల్లీ..."

"మరెవులియి?"

"స్వాతియి. ఆళ్ళాయన పంపాడు. టైలరు తిరుమలరావు. ఆడికి నోరు రాదు తల్లీ, అందుకే పువ్వులు పంపాడు. రామమందిరం ఎదర పెంకుటిల్లు. పొద్దున్న బండికి ఆ పిల్ల ఎల్లిపోతాది. ఎల్లిందంటే మరి రాదు. ఈ రాత్రికి ఇయి అందకపోతే ఆడి కాపరం..."

భయంలో బావ నోరు ఆగలేదు. జాకెట్ల సంగతి చెప్పాడు. మరదలి పెళ్ళి సంగతి చెప్పాడు. బావమరిది కాళ్ళిరగ్గొడతానన్న సంగతి కూడా చెప్పాడు. దయ్యానికి అన్ని చాడీలు చెప్పిన మనిషి ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

అంతా అయ్యేసరికి...

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

"ఇయ్యి," అంది గొంతు మళ్ళీ. ఈసారి కోపంగా కాదు. మొండిగా.

చల్లటి వేళ్ళు బావ వేళ్ళ మీద పడ్డాయి. గరుకు గరుకుగా, ఉప్పు అంటినట్టు. ఒక్కొక్క వేలే... నెమ్మదిగా... విడదీశాయి. బావ పట్టు విడవకూడదనుకున్నాడు. వేళ్ళే వినలేదు.

బొకే బరువు చేతుల్లోంచి పోయింది.

చీకట్లో మెరుపు కాగితం చప్పుడు — కరకర... కరకర... — బావని దాటుకుని తలుపు దాకా నడిచింది. గడియ లేచింది. తలుపు తెరుచుకుంది. వానలోకి ఎవరూ వెళ్ళినట్టు కనిపించలేదు. కాగితం చప్పుడు మాత్రం వెళ్ళింది.

బావ బండిని కూడా చూడకుండా వచ్చిన దారినే వెనక్కి పరుగు తీశాడు.

ఇల్లు చేరేసరికి రాత్రి పది. ఒళ్ళు కాలిపోతోంది. తెల్లారి ఖరగ్‌పూర్ వైపు బండి వెళ్ళే వేళకి దుప్పటి ముసుగులోనే ఏడ్చాడట. దయ్యం కోసం కాదు. పక్క కొట్టు వాడికి ఏం చెప్పాలని. పూలు అందలేదు. పిల్ల వెళ్ళిపోయింది. నమ్మి ఇచ్చిన ఒక్క పనీ నీళ్ళపాలైంది.

సాయంత్రం దాకా పడుకుని, ఇంక తప్పదని వెళ్ళి కొట్టు తెరిచాడు. వీధి వైపు వీపు పెట్టి కింద కూర్చుని, ఎండిన ఆకులు ఏరుతూ, తిరుమలరావు ఎప్పుడు వచ్చి చొక్కా పట్టుకుంటాడా అని చూస్తున్నాడు.

తిరుమలరావు వచ్చాడు. చొక్కా పట్టుకోలేదు. బావని లేవనెత్తినంత పనిచేసి మళ్ళీ కూర్చోబెట్టేశాడు. నోట మాట లేదు, కళ్ళల్లో మాత్రం నీళ్ళు.

వాడి వెనకాల స్వాతి. ఆమె చేతిలో బొకే.

తాజాగా ఉంది. ఒక్క రేకు రాలలేదు.

బావకి ఒక్కసారిగా నవ్వొచ్చింది. గుండెల మీంచి గుట్టంత ఉప్పు దిగిపోయింది. "ఓసినీ! గోదాంలో నువ్వేనేటమ్మా? రాత్రే ఇంట్లోంచి బయల్దేరిపోయావా? నన్నెంత హడలగొట్టేశావు!"

స్వాతి నవ్వలేదు. బావ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"గోదామేటి? నేను గడప దాటలేదు. పొద్దున్న మా అన్నయ్య బండికి రమ్మంటే, కార్డు సూపించి, రమ్మన్నోడు ఈయన, ఇటే ఎల్తాననేశాను. అది సరే గానీ, నీకు బుద్ధుందా అన్నయ్యా? ఆ గాలివానలో ముసలామె సేత పువ్వులు పంపుతావా?"

బావ చేతిలో ఆకులు జారిపోయాయి.

"ఏ... ముసలామె?"

"నీ మనిషే గదా, నన్నడుగుతావేటి? పాపం, నెత్తి మీంచి నీళ్ళు కారతన్నాయి. తువ్వాలిత్తే తీసుకోలేదు. లోపలికి రమ్మంటే రాలేదు. నేను కార్డు సదువుకుని ఏడుత్తంటే, వాకిట్లో అలాగే నిలబడి సూసింది. ఆమెకీ కళ్ళమ్మట నీళ్ళే. ఎల్లేటప్పుడు ఒకటే అడిగింది."

"ఏటడిగింది?"

"ఇలాటి పని ఇంకా ఉంటాదా అమ్మా అని. ఉంటే నేనే అట్టుకెళ్ళి ఇత్తాను, ఆ అబ్బాయికి సెప్పు, దీపాలెట్టే యాళకి కొట్టుకొత్తాను అన్నాది. పనిలో ఎట్టుకో అన్నయ్యా, సాలా మంచిది."

బయట మెయిన్‌రోడ్డు మీద ఒక్కొక్క కొట్టులో దీపం వెలుగుతోంది.

స్వాతి తల ఎత్తి బావ భుజం మీంచి వీధిలోకి చూసింది. మొహం విచ్చుకుంది.

"నూరేళ్ళాయుష్షు! అదిగో... వచ్చేసింది."

బావ వెనక్కి తిరగలేదు. ఆ కొట్టుకి ఉన్నది ఒక్కటే తలుపు.