దీక్షా శిబిరంలో కెర్నెల్

"ముగ్గురు డ్రైవర్లు. వాళ్లలో ఒకడు మన మనిషి," అన్నాడు చీఫ్ ఢిల్లీ నుంచి ఫోన్లో.

జగిత్యాల లాడ్జీలో కరెంటు లేక ఆగిపోయిన ఫ్యాను కింద కూర్చుని ఏజెంట్ శ్రవణ్ బ్రీఫింగ్ విన్నాడు. దుబాయ్‌లో కెప్టెన్ అనేవాడి ముఠా ఆయుధాల్ని ఓడల్లో మన తీరానికి చేరవేస్తోంది. కెప్టెన్ కారు నడిపే సిరిసిల్ల సంజీవ్ ఆ ఓడల కబుర్లు ఢిల్లీకి చేరవేస్తున్నాడు. అతని ఫోన్ కాల్ ఒకటి ముఠాకు చిక్కింది. మన వాళ్లు ఆ కాల్‌కు వేసిన రహస్య సంకేతాల తాళాన్ని సిరిసిల్లలో ముఠా సర్వర్ ఒకటి విప్పుతోంది. మరమగ్గాల చప్పుడులో సర్వర్ చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? పైకి అది చీరల డిజైన్ సెంటర్. సాయంత్రం అయిదుకు తాళం ఊడుతుంది. ఆ గొంతు నేరుగా కెప్టెన్ చెవిలో పడుతుంది.

"గొంతు వెళ్తే సంజీవ్ చస్తాడు. వెళ్లకపోతే కెప్టెన్ ముగ్గురు డ్రైవర్లనూ ఎడారిలోకి తీసుకెళ్తాడు. కాబట్టి వెళ్లాలి. వేరేవాడి గొంతు వెళ్లాలి."

ఆ కాల్ ఫైలును ఎవరూ మార్చకుండా ముఠా తన మెషిన్‌ను నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్‌లోనే కాపలా మాడ్యూల్ పెట్టింది. అందుకని ఢిల్లీ నిపుణులు ఆ మాడ్యూల్ లేని కస్టమ్ కెర్నెల్ తయారుచేశారు. అనవసరమైనవన్నీ పీకేసి నాజూకుగా చెక్కారట. ఎక్కించు, రీబూట్ చెయ్, ఫైలు మార్చు, అంతే అన్నాడు చీఫ్.

అంతేనట. ఏసీ గదిలో కూర్చుని చెప్పేవాడికి అన్నీ అంతే.

ఢిల్లీ పంపిన మారువేషం చూశాక శ్రవణ్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కరెంటు ఆఫీసు మీటర్ రీడర్ ఖాకీ చొక్కా, టెస్టర్ ఆకారంలో పెన్‌డ్రైవ్. బాగుంది. కానీ బయట తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, బడుల్లేవు, సింగరేణిలో బొగ్గు లేదు, బొగ్గు లేక కరెంటు లేదు. సర్కారు నౌకరుంటే చాలు, పని మానేసి రోడ్డు మీద కూర్చోవాల్సిన కాలమది. డ్యూటీలో తిరిగే ఒకే ఒక్క కరెంటు మనిషి రాష్ట్రం మొత్తానికి తనే. ఢిల్లీలో తన గూఢచార సెక్షన్‌లో ఒక్కడైనా పేపర్ చదివి చావడా?

కోడ్‌వర్డ్ దానికంటే ఘనం. కోరుట్ల బస్టాండులో నిలబడి "నిజామాబాద్ బస్సు ఎప్పుడస్తది" అని అడగాలి. అడిగాడు. బస్టాండులో ఉన్నవాళ్లంతా వీడికేమైనా పిచ్చా అన్నట్టు చూశారు. ఒకాయన దగ్గరికొచ్చి, ఏ ఊరు బిడ్డవు, పానం మంచిగలేదా అని కూడా అడిగాడు. ఎంతమందిని అడిగితే అంతమందీ బస్సు లేదనే అన్నారు.

"అరగంటల అస్తది," అంది వెనక నుంచి ఓ గొంతు.

నల్లకళ్లద్దాలు, పట్టుచీర, గులాబీ రంగు స్కూటీ. డిజైన్ సెంటర్ మేనేజర్ రాధిక. ముఠా జీతం తీసుకుంటూ సెక్షన్‌కు కబుర్లు చెప్పే డబుల్ ఏజెంట్. కెప్టెన్ కుడిభుజం నంబర్ టూ తనకు చేసిన ఫోన్ రికార్డును ఆమె శ్రవణ్ చేతిలో పెట్టింది.

"నన్ను ఇంప్రెస్ చెయ్యనీకి ఓడ పేరు, రేవు పేరు అన్నీ ఒర్రిండు," అంది.

"నువ్వు అసలు ఎవరి దిక్కు?"

"జీతం ఇద్దరిస్తరు. నమ్ముడు మాత్రం ఎవ్వరు నమ్మరు. పోదాం పా, సారూ."

వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. రాధిక డిజైన్ సెంటర్ తలుపు తీసింది. శ్రవణ్ కొత్త కెర్నెల్ ఎక్కించి రీబూట్ కొట్టాడు. ఆ ఊళ్లో కరెంటు కోతలకు దుబాయ్ కూడా అలవాటుపడింది, రెండు నిమిషాల మౌనాన్ని ఎవరూ పట్టించుకోరు. తెర మీద అక్షరాలు గబగబా పరుగెత్తి, ఒకచోట గుర్రంలా మొరాయించాయి. డిస్క్ కనిపించడం లేదట. కెర్నెల్ పానిక్, అంటే మెషిన్ చేతులెత్తేసింది.

పీకేసిన అనవసరాల్లో పాత రకం డిస్క్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం కూడా ఉంది. ముఠా సర్వర్‌లో ఉన్నది సరిగ్గా ఆ పాత డిస్కే. ఢిల్లీ నిపుణులకు అలాంటిది కూడా ఇంకా తిరుగుతోందని తెలియదు. శ్రవణ్ నోటికొచ్చిన బూతులన్నీ తిట్టి, పాత కెర్నెల్‌నే మళ్లీ లేపాడు. ఇక సోర్స్ కోడ్ నుంచి కెర్నెల్‌ను కొత్తగా కంపైల్ చేసి కట్టుకోవాలి. ఆ సర్వర్ మీదే చేస్తే దాని మీద పడే లోడ్ దుబాయ్‌లో కనిపిస్తుంది. ముఠా యూపీఎస్‌కు ఇంకో ప్లగ్ పెడితే అలారం మోగుతుంది. తన లాప్‌టాప్ బ్యాటరీ జగిత్యాలలోనే చచ్చింది.

కరెంటు వెతుక్కుంటూ వీధిలోకొచ్చాడు. ఖాకీ చొక్కా చూసి జనం చుట్టుముట్టారు.

"అందరం పనులిడిచి కూసుంటే నువ్వు మీటర్లు సూస్తున్నవా?" అన్నాడు మగ్గం కార్మికుడు హన్మండ్లు, ఎదురుగా ఉన్న దీక్షా శిబిరానికి అతనే పెద్ద.

డ్యూటీలో దొరికిన ఉద్యోగిని ఆ శిబిరంలో కొట్టరు, తిట్టరు. బొట్టు పెట్టి, దండ వేసి ఆ పూట నిరాహార దీక్షలో కూర్చోబెడతారు. సాయంత్రం లీడర్ వచ్చి నిమ్మరసం తాగించేదాకా లేవకూడదు. తన అసలు గుర్తింపు కార్డు తీద్దామంటే సెంటర్ గుమ్మం మీద ముఠా కెమెరా ఉంది. శ్రవణ్ దండకు మెడ వంచాడు. అప్పుడే కనిపించింది, మైకుసెట్టు పక్కన బ్యాటరీ, ఇన్వర్టర్.

నౌకరీ పరీక్షకు చదువుకుంటున్నానని, లాప్‌టాప్‌కు కాస్త కరెంటివ్వమని బతిమాలాడు. హన్మండ్లు ముఖం వికసించింది. చదువుకోమన్నాడు, తెలంగాణ వస్తే నౌకర్లకు కొదవేముందన్నాడు, వైరు తనే గుచ్చాడు.

శ్రవణ్ డిస్క్ డ్రైవర్‌కు టిక్ పెట్టి కంపైల్ మొదలుపెట్టాడు. మైకులో పాట ఎత్తుకున్నప్పుడల్లా ఇన్వర్టర్ కీచుమంటుంది, అతను బ్యాటరీ వంక చూస్తాడు. సగం అయ్యాక తట్టింది, డిస్క్ మీది ఫైళ్లు చదివే ఫైల్ సిస్టమ్‌కు టిక్ పెట్టనేలేదు. థూ, ఎవర్ని తిట్టాలి ఇప్పుడు? మళ్లీ మొదటికి.

పక్కన కూర్చుని బీడీలు చుడుతున్న ఆమెను అప్పుడు చూశాడు. బ్రీఫింగ్ ఫోటోలో సంజీవ్ పక్కన ఉన్న మనిషే. భార్య దీవెన.

"మా ఆయిన దుబాయ్‌ల ఉంటడు," అందామె తనంతట తనే. "శుక్రారం శుక్రారం పొద్దుగూకంగ ఫోన్ జేస్తడు. ఇయ్యాల గిట్ల జెయ్యకుంటే ప్రార్థన గూడ పట్టది నాకు."

ఆ రోజు శుక్రవారమే. ఆమె కళ్లలోకి చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు.

కంపైల్ పూర్తయ్యేసరికి అయిదు కావస్తోంది. లీడర్ ఇంకా వేములవాడ దాటలేదట. శ్రవణ్ లేవబోతే నలుగురు భుజం నొక్కి కూర్చోబెట్టారు. అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

"చెల్లె, జర నువ్వే నిమ్మరసం ఇయ్యి. ఎందుకని అడగకు," అన్నాడు దీవెనతో.

ఆమె అతని ముఖం చూసింది. చాట పక్కన పెట్టి గ్లాసందుకుంది. లీడర్ రాకముందే ఎలా ఇస్తావని హన్మండ్లు అడ్డొచ్చాడు.

"నా మొగడు నన్నిడిచి ఎడారిల పడున్నడు, హన్మండ్లన్నా. గా నా ఉపాసం కంటె పెద్దదా మీ దీక్ష ఉపాసం? తాగు అన్నా, తాగి పో."

హన్మండ్లు పక్కకు జరిగాడు. శ్రవణ్ ఒక్క గుక్కలో తాగి, దండతోనే వీధి దాటాడు. రాధిక తలుపు తెరిచే ఉంచింది. కొత్త కెర్నెల్, రీబూట్. అక్షరాలు పరుగెత్తి డిస్క్ దగ్గర ఒక్క క్షణం తటపటాయించాయి. ముందుకు కదిలాయి. సంజీవ్ గొంతు తీసేసి నంబర్ టూ గొంతు పెట్టి ఎంటర్ కొట్టాడు. రాధిక గోడ గడియారం చూసి, కెప్టెన్‌కు పోయింది అంది. గడియారంలో సరిగ్గా అయిదు.

పొద్దుగూకాక శిబిరంలో దీవెన ఫోన్ మోగింది. నంబర్ టూ సాబ్‌ను కెప్టెన్ ఎటో పట్టుకపోయిండట, ఆయన డ్యూటీ కూడా సంజీవ్ నెత్తిన పడ్డదట, క్రిస్మస్‌కు ఛుట్టీ లేదట. దీవెన మొగుణ్ణి వీధంతా వినేలా తిట్టింది. అంత కమ్మని తిట్లు శ్రవణ్ జీవితంలో వినలేదు.

నంబర్ టూ పేరు చెప్పిన ఓడ రేవులోనే దొరికిపోయిందని మర్నాడు కబురొచ్చింది. వెంటనే చీఫ్ ఫోన్ కూడా వచ్చింది. జిల్లా పేపర్లో, దీక్షలో కూర్చున్న విద్యుత్ ఉద్యోగి అంటూ శ్రవణ్ ఫోటో పడిందట. సమ్మెలో ఉన్న ఉద్యోగులకు పని చేయని రోజు జీతం లేదన్న ప్రభుత్వ ఉత్తర్వు శ్రవణ్‌కూ వర్తిస్తుందని చీఫ్ చాలా మర్యాదగా చెప్పాడు.